కంపెనీ ఇచ్చే చందా ఎవరి సొమ్ము?



మనం ఎవరి పేరిట ఇక్కడ కలిశామో ఆ మాస్టారు కామర్స్ పాఠాలు చెప్పడంతో సరిపెట్టుకోలేదు. సాయంత్రాలు చుట్టుపక్కల సహకార సంఘాల పద్దులు చూసిపెట్టేవారు. పరాయి సొమ్ము చేతిలో ఉన్నవాడు ఎవరూ అడగకముందే లెక్క చూపాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల కొందరికి కంటగింపు అయింది కూడా. ఆయన పేరిట మాట్లాడమని మీరు అడిగినప్పుడు కంపెనీలకూ ప్రభుత్వాలకూ మధ్య నడిచే డబ్బు గురించి చెప్పాలనుకున్నాను. విషయం చాలా పెద్దది కాబట్టి ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను. ఒక కంపెనీ ఒక రాజకీయ పార్టీకి చందా ఇచ్చినప్పుడు, ఆ ఇచ్చిన సొమ్ము ఎవరిది?

ఈ ప్రశ్న మన దేశంలో నిన్న మొన్న పుట్టింది కాదు. రాజకీయ పార్టీలకు విరాళాలు ఇచ్చేందుకు వీలుగా తన నియమావళిని మార్చుకుంటానని టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ అడిగితే, ఒక వాటాదారు అడ్డం తిరిగి బొంబాయి హైకోర్టుకు వెళ్లాడు. 1957లో ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా తీర్పు చెప్పారు. అప్పటి చట్టంలో అడ్డుకునే వీలు లేక కంపెనీకి అనుమతి ఇచ్చారు. ఇస్తూనే పార్లమెంటును హెచ్చరించారు. మనిషికొక ఓటు అనే పునాది మీద నిలిచిన వ్యవస్థలోకి పెద్ద సంస్థల డబ్బు ప్రవేశిస్తే, ఆ ప్రమాదం పెరిగి పెరిగి ప్రజాస్వామ్యాన్నే ఊపిరాడకుండా చేయగలదని ఆయన భయపడ్డారు. అదే కాలంలో కలకత్తా హైకోర్టు కూడా మరో ఉక్కు కంపెనీ కేసులో ఇలాంటి ఆందోళననే వ్యక్తం చేసింది. స్వతంత్రం వచ్చి పదేళ్లు, సార్వత్రిక ఎన్నికలు జరిగింది రెండుసార్లు. అంత తొందరగా ఆ న్యాయమూర్తులకు ఈ సంగతి కనిపించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పార్లమెంటు 1960లో కంపెనీల చట్టాన్ని సవరించింది. లాభాల సగటులో 5 శాతం, లేదా 25 వేల రూపాయలు, ఏది ఎక్కువైతే అంతవరకు ఇవ్వొచ్చంది. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో చూపాలంది. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించింది. మన ఆచార్య రంగా తొలి అధ్యక్షుడిగా ఉన్న స్వతంత్ర పార్టీకి వ్యాపార వర్గాల అండ ఉండేది. ఆ అండను తెంచడానికే ఈ నిషేధమని అప్పటి విమర్శకులు అన్నారు. కారణం ఏదైనా, నిషేధం వల్ల డబ్బు ఆగలేదు, చీకటి దారి పట్టింది. 1985లో రాజీవ్‌గాంధీ హయాంలో మళ్లీ తలుపు తెరిచి 5 శాతం పరిమితి పెట్టారు. 2013 నాటి కొత్త కంపెనీల చట్టం, 182వ సెక్షన్‌లో, దాన్ని గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి పెంచింది. కంపెనీ పెట్టి మూడేళ్లయినా కావాలంది. పార్టీ పేరూ మొత్తమూ ఖాతాలో రాయాలన్న నియమాన్ని మాత్రం నిలిపింది.

2013 చట్టం ఎందుకు వచ్చిందో ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆ చట్టంలోని కొన్ని సెక్షన్ల వెనక మన హైదరాబాద్ ఉంది.

2008 డిసెంబరు 16న హైదరాబాద్ ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మైటాస్ ప్రాపర్టీస్, మైటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు, కేంద్ర ప్రభుత్వంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన వ్యక్తి ఉన్నారు. ఆ తీర్మానాన్ని వాళ్లెవరూ ఆపలేదు. ఆపింది మదుపరులు. ప్రకటన వెలువడిన కొన్ని గంటల్లోనే న్యూయార్క్‌లో సత్యం షేరు విలువ సగానికి పైగా పడిపోయింది. తెల్లారేసరికి కంపెనీ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమే మైటాస్ కొనుగోలని కూడా రాశారు. ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40కి పడింది.

ఈ కథను మోసం కథగానే చెప్పుకుంటాం. నేను అందులో ఇంకో సంగతి చూస్తాను. ఆడిటర్లు ఏళ్ల తరబడి పట్టుకోలేనిది, పెద్ద పెద్ద డైరెక్టర్లు ఆపలేనిది, వాటాదారులు ఒక్క రాత్రిలో ఆపారు. ఎందుకు ఆపగలిగారు? మైటాస్ కొనుగోలు సంగతిని స్టాక్ ఎక్స్చేంజీకి చెప్పక తప్పని నియమం ఉంది కాబట్టి. ఏ కంపెనీ కొంటున్నారు, ఎంతకు, అది ఎవరిది అన్న మూడు ముక్కలు వాళ్ల చేతికి అందాయి. ఆ మూడు ముక్కలే చాలాయి. లోపలి లెక్కలు దాచినంతకాలం మోసం సాగింది. ఒక్క నిర్ణయం బహిరంగం కాగానే కూలింది.

అదే మైటాస్‌కు హైదరాబాద్ మెట్రో కూడా దక్కింది. 2008లో మైటాస్ నాయకత్వంలోని కన్సార్టియం ప్రభుత్వ సాయం ఒక్క రూపాయి వద్దని, పైగా కాంట్రాక్టు కాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురిస్తామని టెండరు వేసింది. ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా మెట్రో రైళ్లు ప్రభుత్వ సొమ్ము మీద ఆధారపడి నడుస్తాయి. ఇంత లాభం ఎక్కడి నుంచి వస్తుందని అడగవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అడిగినవాడు ఢిల్లీ మెట్రో అధిపతి ఇ. శ్రీధరన్. రైలు పేరు చెప్పి రియల్ ఎస్టేట్ వ్యాపారం నడవబోతోందనీ, విలువైన ప్రభుత్వ భూములు చేజారతాయనీ ఆయన ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ లేఖలోని ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామని శ్రీధరన్‌ను బెదిరించింది. సత్యం కూలిన తర్వాత, 2009లో, ఆ కాంట్రాక్టు రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీకి అదే పని అప్పగించినప్పుడు ఆ కంపెనీ 1,458 కోట్ల ప్రభుత్వ సాయం కోరి తీసుకుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వ్యాపార కుటుంబం, ఒకే సంవత్సరం. మదుపరుల ముందు ఆ కుటుంబం ఒక్క రాత్రి కూడా నిలబడలేకపోయింది. ప్రభుత్వం ముందు మాత్రం నిక్షేపంగా నిలబడింది, ప్రశ్నించినవాడే నేరస్థుడిలా బోను ఎక్కబోయాడు. మార్కెట్‌కు తెలిసినంత మాత్రం కూడా పౌరుడికి తెలియకపోవడమే ఆ తేడాకు కారణమని నా నమ్మకం.

సత్యం దెబ్బ తర్వాతే 2013 చట్టంలోకి ఆడిటర్లను కొన్నేళ్లకొకసారి మార్చాలన్న నిబంధన, ఆడిటర్ల మీద నిఘా సంస్థ, వాటాదారులంతా కలిసి దావా వేసే హక్కు వచ్చాయి. లెక్కలు దాచితే ఏమవుతుందో చూసి రాసుకున్న చట్టమది. అందులోంచే నాలుగేళ్లకు ఒక వరుసను కొట్టేశారు.

2017 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఎన్నికల బాండ్లు ప్రకటించారు. ఆ ఏటి ఆర్థిక చట్టం 182వ సెక్షన్‌లోని 7.5 శాతం పరిమితిని తొలగించింది. ఏ పార్టీకి ఇచ్చారో ఖాతాలో పేరు రాయనక్కర్లేదంది. మొత్తం ఒక్కటి చూపితే చాలు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు. దీన్ని ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభకు అడ్డుకునే అధికారం లేకపోయింది. ఇలాంటి బాండ్లు మంచివి కావని రిజర్వు బ్యాంకు ముందే రాసింది. డొల్ల కంపెనీలు పుట్టుకొస్తాయని, ఇది వెనకడుగని ఎన్నికల సంఘం న్యాయ శాఖకు లేఖ రాసింది. రెండూ పక్కకుపోయాయి. 2018 జనవరి 2న పథకం నోటిఫై అయింది. వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా విలువలు, స్టేట్ బ్యాంకులో మాత్రమే అమ్మకం, 15 రోజుల్లో పార్టీ ఖాతాలో వేసుకోవాలి, బాండు మీద కొన్నవారి పేరుండదు.

ప్రభుత్వం చెప్పిన కారణాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. దాతల పేర్లు తెలిస్తే, గెలిచిన ఎదుటి పార్టీ కక్ష కడుతుందని, అందుకే వ్యాపారులు నగదులో ఇస్తున్నారని, గోప్యత ఇస్తే తెల్లడబ్బు వస్తుందని అన్నారు. వ్యాపారి భయం నిజమే. చిన్న పట్టణంలో కాంట్రాక్టరుగా బతికేవారిని అడిగితే మీకూ చెబుతారు. కానీ ఈ గోప్యత ఎవరి నుంచి? బాండ్లమ్మే బ్యాంకు ప్రభుత్వానిది, కొన్నవారి వివరాలు దాని దగ్గర ఉంటాయి. పుచ్చుకున్న పార్టీకి ఇచ్చినవాడు తన పేరు చెప్పుకోకుండా ఆపేది ఏదీ లేదు. అంటే ఇచ్చేవాడికి తెలుసు, పుచ్చుకునేవాడికి తెలుసు, అధికారంలో ఉన్నవాడు తెలుసుకోగలడు. తెలియనిది ఓటరుకు, వాటాదారుకు మాత్రమే. కక్ష సాధించగలవాడి కంట పడే వీలుంచి, ఏ కక్షా సాధించలేని మనిషి దగ్గర దాచే ఏర్పాటు అది.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేసింది. ఓటరుకున్న సమాచార హక్కుకు అది విరుద్ధమంది. 182వ సెక్షన్ సవరణలనూ రద్దు చేసింది. మనిషి ఇచ్చే చందాను, కంపెనీ ఇచ్చే చందాను ఒకే గాటన కట్టలేమంది. కంపెనీ ఇచ్చేది ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీ అని స్పష్టంగా చెప్పింది. జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగితే, మార్చి 11న కాదని చెప్పి, మర్నాడే వివరాలు ఇవ్వమంది. మార్చి 14న జాబితాలు బయటికొచ్చాయి. ఏ బాండు ఏ పార్టీకి చేరిందో కలిపి చూసుకునే నంబర్లు 21న వచ్చాయి.

మొత్తం అమ్ముడైన బాండ్లు సుమారు 16,518 కోట్లు. వివరాలు దొరికింది 2019 ఏప్రిల్ నుంచి. ఆ కాలంలో బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, మన బీఆర్ఎస్‌కు 1,214 కోట్లు. ఒక్క రాష్ట్రంలో మాత్రమే బలమున్న పార్టీకి దేశవ్యాప్త పార్టీ అయిన కాంగ్రెస్‌తో దాదాపు సమానంగా అందిందంటే, డబ్బు వెతుక్కుంటూ వెళ్లింది సిద్ధాంతాన్ని కాదు, అధికారాన్ని. వైఎస్సార్‌సీపీకి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు వచ్చాయి. సీపీఎం బాండ్లు పుచ్చుకోలేదు, ఆ కేసు వేసినవారిలో ఆ పార్టీ కూడా ఉంది.

కొన్నవారిలో మొదటి స్థానం 1,368 కోట్లతో ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీది. రెండోది 966 కోట్లతో మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్. కాళేశ్వరం, పోలవరం, జోజిలా సొరంగం చేపట్టిన కంపెనీ అది. దాని బాండ్లలో సుమారు 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు, 85 కోట్లు డీఎంకేకు వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లోని రెండు ప్రధాన పార్టీలకూ, కాంగ్రెస్‌కూ కొంత వెళ్లింది. అంటే పని ఇవ్వగలిగిన ప్రభుత్వాలను నడిపే పార్టీలకు, రేపు నడపగలిగిన పార్టీలకు. ఈ విరాళాలకు ప్రతిఫలంగా ఫలానా కాంట్రాక్టు దక్కిందని ఏ కోర్టూ తేల్చలేదు. నేనూ అనను. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయమన్న పిటిషన్లను 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. దర్యాప్తు సంస్థల సోదాలు జరిగిన కంపెనీలు తర్వాత బాండ్లు కొన్న ఉదంతాలను పత్రికలు తేదీలతో సహా రాశాయి. అందులో ఏది కాకతాళీయం, ఏది బెదిరింపు, ఏది బేరం అన్నది తేలకుండానే మిగిలిపోయింది. నిజాయతీగా పని సంపాదించిన కంపెనీ కూడా తన నిజాయతీని రుజువు చేసుకోలేని స్థితి ఇది. రహస్యం చేసే నష్టాల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ సొమ్ము ఎవరిది?

లిస్టయిన కంపెనీ అయితే జవాబు సూటిగా ఉంది. అది వాటాదారులది. వాటాదారులంటే ముంబై పెట్టుబడిదారులే అనుకోకండి. 2015 ఆగస్టు నుంచి ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ కొత్తగా వచ్చే సొమ్ములో కొంత వాటాను నిఫ్టీ, సెన్సెక్స్ ఫండ్లలో పెడుతోంది. మొదట 5 శాతం, తర్వాత 15 శాతం దాకా పెంచింది. జీవిత బీమా సంస్థ సరేసరి. కాబట్టి పీఎఫ్ కోత పడే మిల్లు కార్మికుడు, నెలనెలా సిప్ కట్టే టీచరు, పాలసీ ఉన్న రైతు, ఈ దేశపు పెద్ద కంపెనీల్లో తలా ఇంత యజమానులు. వాళ్ల డబ్బుతో వాళ్లు ఓటెయ్యని పార్టీకి, వాళ్లను అడగకుండా, చందా వెళుతోంది. నాకు నచ్చిన పార్టీకి నా జేబులోంచి నేను ఇస్తే అది నా స్వేచ్ఛ. నా జేబులోంచి తీసి ఇంకొకరు తమకు నచ్చిన పార్టీకి ఇస్తే దాన్ని స్వేచ్ఛ అనలేం.

లిస్టు కాని కుటుంబ కంపెనీ అయితే ఈ వాదన సరిపోదు. బాండ్లు కొన్నవారి జాబితాలో మొదటి రెండు పేర్లూ అలాంటివే. షేర్లు కుటుంబానివే కదా, వాళ్ల ఇష్టం అనవచ్చు. అయితే కాలువలు, సొరంగాలు, ప్రాజెక్టులు కట్టే కంపెనీ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రభుత్వ బిల్లుల నుంచి. అంటే పన్నుల నుంచి, మన పేరిట తెచ్చిన అప్పుల నుంచి. అక్కడ వాటాదారుడు పౌరుడే. కొనేవాడు మనమైనప్పుడు అమ్మేవాడు మన గుమాస్తాకు ఏమిచ్చాడో తెలుసుకునే హక్కు మనకు ఉంటుంది.

నేను మార్కెట్‌కు వ్యతిరేకిని కాను. మాస్టారూ కారు. తక్కువ ఖర్చుతో మంచి సరుకు ఇచ్చేవాడు గెలవాలన్నది మార్కెట్ ధర్మం. దానికి ధర అందరికీ కనిపించాలి. టెండరు ధర కనిపించి, పార్టీకి చెల్లించిన ధర కనిపించకపోతే పోటీ ఎవరి మధ్య జరుగుతోందో తెలియదు. చందా ఇవ్వలేని చిన్న ఇంజనీరింగ్ కంపెనీ, ఇవ్వదలచుకోని కంపెనీ, ఎందుకు ఓడిపోయాయో తెలియకుండానే మూతబడతాయి. మార్కెట్ పేరు చెప్పి ఈ రహస్యాన్ని సమర్థించేవారు మార్కెట్‌కే ద్రోహం చేస్తున్నారు.

తీర్పుతో పని అయిపోలేదు. డబ్బు ఇప్పుడు ఎలక్టోరల్ ట్రస్టుల దారిన వెళుతోంది. ట్రస్టు ఎవరి నుంచి తీసుకుందో, ఏ పార్టీలకు ఇచ్చిందో చెబుతుంది. కానీ అన్నీ ఒకే గంపలో పోసి పంచినప్పుడు ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో విడదీయడం కష్టం. లోక్‌సభ అభ్యర్థికి పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షల ఖర్చు పరిమితి ఉంది, పార్టీకి ఏ పరిమితీ లేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ప్రకటించింది. ఆ ఉత్తర్వును పార్టీలు అమలు చేయలేదు. ఒకరినొకరు దొంగలనుకునే పార్టీలు ఈ ఒక్క విషయంలో కలిసికట్టుగా ఉన్నాయి.

బయటి దేశాల్లో మార్గాలున్నాయి. బ్రిటన్‌లో ఏడాదికి 5,000 పౌండ్లు దాటి రాజకీయ విరాళం ఇవ్వాలంటే కంపెనీ ముందుగా వాటాదారుల ఓటు తీసుకోవాలి. మన 182వ సెక్షన్‌కు బోర్డు తీర్మానం చాలు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న సంస్థ ఫెడరల్ ఎన్నికల్లో అభ్యర్థులకు, పార్టీలకు విరాళం ఇవ్వకూడదన్న నిషేధం ఉంది. వేరే దారుల్లో అక్కడ డబ్బు వరదలా పారుతున్న మాట నిజమే, 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు తర్వాత మరీ ఎక్కువైంది. అయినా ఆ రెండు నియమాలు మనకు కావాలి. వాటాదారుల ఆమోదం లేకుండా కంపెనీ చందా ఇవ్వకూడదు. ప్రభుత్వ పని చేస్తున్న కంపెనీ, ఆ పని నడుస్తున్నంత కాలం, ఏ పార్టీకీ ఇవ్వకూడదు. ఈ రెండో నియమం కోసం రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. టెండరు షరతుల్లో ఒక వాక్యం చేర్చడానికి హైదరాబాద్, అమరావతి సచివాలయాలకు పూనిక ఉంటే చాలు.

చివరిగా ఈ హాల్లో ఉన్నవారికి ఒక విన్నపం. మీలో చాలామందికి డీమ్యాట్ ఖాతాలున్నాయి. సుప్రీంకోర్టు తీర్పుతో 182వ సెక్షన్ పాత రూపంలోకి తిరిగి వచ్చింది కాబట్టి, పార్టీ పేరు ఖాతాల్లో ఉండి తీరాలి. సెప్టెంబరులోగా మీ కంపెనీల నుంచి వార్షిక సమావేశం నోటీసు వస్తుంది. దాన్ని తెరవకుండా పడేయకండి. ఏ పార్టీకి ఎంత ఇచ్చారు, ఎందుకిచ్చారు, ట్రస్టు ద్వారా ఇస్తే అది చివరికి ఎవరికి చేరింది అని మీ పేరుతో రాసి పంపండి. జవాబు రాకపోతే ఆ కంపెనీ డైరెక్టరు మళ్లీ ఎన్నికకు వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటు వేయండి. షేర్లు లేనివారు మీ ఎమ్మెల్యే అభ్యర్థిని అడగండి: ప్రభుత్వ కాంట్రాక్టర్ల నుంచి మీ పార్టీ చందా తీసుకోవడం మానుతుందా, లేదా? అవునో కాదో చెప్పేదాకా వదలకండి.